చేతులు లెక్కపెట్టుకుని కనకాంబరం నాటండి

బోరు కింద ఓ పది, పదిహేను సెంట్ల జాగా ఉంది. వరికి చాలదు. కూరగాయలు వేస్తే ఒక వారం ధర పలుకుతుంది, మరో వారం గట్టున పారబోసుకోవాలి. వారం వారం నాలుగు డబ్బులు చేతిలో ఆడే పంట ఏదైనా ఉందా? చిన్న రైతులు తరచూ అడిగే ప్రశ్న ఇది. దీనికి వచ్చే జవాబుల్లో కనకాంబరం ఒకటి. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు తోట నిలుస్తుంది. నాటిన రెండు మూడు నెలలకే పూత మొదలవుతుంది. ఆ తర్వాత రోజు విడిచి రోజు పూలు కోసుకోవచ్చు. పువ్వుకు వాసన లేకపోయినా మంచి రంగుంది, తేలిగ్గా ఉంటుంది, తొందరగా వాడదు. పెళ్లయినా, పేరంటమైనా, మల్లె, మరువంతో కలిపి కట్టే దండలో కనకాంబరం పడితేనే నిండుగా ఉంటుంది.

ఇదంతా నిజమే. అయితే ఈ పంటలో రైతు దెబ్బతినేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, భూమి ఉంది కదా అని కోసే చేతులు చూసుకోకుండా ఎక్కువ నాటడం. రెండోది, వేరు సంగతి పట్టించుకోకుండా ఆకు మీద మందులు కొడుతూ కూర్చోవడం. ఈ రెండూ ముందే తెలుసుకుంటే కనకాంబరం చిన్న రైతుకు మంచి తోడు.

కిలోకు 15 వేల పూలు

కనకాంబరం పువ్వు ఎంత తేలికో మీకు తెలుసు. కిలో తూగాలంటే సుమారు 15 వేల పూలు కావాలి. నాటు రకం తోట బాగా పూస్తే ఎకరాకు ఏడాదికి 800 కిలోల దాకా దిగుబడి వస్తుంది. అంటే పది సెంట్లకు 80 కిలోలు. పూలలో చెప్పాలంటే 12 లక్షలు! ఆ 12 లక్షల పూలనూ ఒక్కొక్కటిగా వేళ్లతోనే తీయాలి. దీనికి కొడవలి పనికిరాదు, యంత్రం లేదు.

లెక్క ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. రోజు విడిచి రోజు కోస్తే ఏడాదికి సుమారు 180 కోతలు. పది సెంట్లలో ఒక్కో కోతకు సగటున 450 గ్రాములు, అంటే దాదాపు 6,700 పూలు. సెకనుకు ఒక పువ్వు చొప్పున ఆగకుండా కోసినా ఒక మనిషికి రెండు గంటల పని. పూత విరగబూసే రోజుల్లో అది మూడు నాలుగు గంటలైనా కావచ్చు. అదే ఎకరం తోటయితే? ఒక్కో కోతకు 67 వేల పూలు. ఎండ ముదరకముందు రెండు గంటల్లో ముగించాలంటే తొమ్మిది పది మంది కావాలి. రోజు విడిచి రోజు, ఏడాది పొడుగునా అంతమంది మీకు దొరుకుతారా?

కూలి పెట్టి కోయిస్తే ఏమవుతుందో కూడా చూడండి. గంటకు 3,600 పూలు కోసే మనిషికి కిలో నిండాలంటే నాలుగు గంటలు దాటుతుంది. మీ ఊళ్లో ఎనిమిది గంటల కూలి 400 రూపాయలు అనుకుంటే, కిలోకు 200 రూపాయలకు పైగా కోత కూలికే పోతుంది. పైన సంచి, బస్సు ఛార్జీ, కమీషన్ ఉండనే ఉన్నాయి. ఈ లెక్క మీ ఊరి కూలితో మీరే వేసుకోండి. మార్కెట్లో కిలో ధర ఆ అంకె కంటే దిగిందంటే కూలి పెట్టి కోసిన ప్రతి కిలోకూ నష్టమే. ఇంటి మనుషులు కోసుకుంటేనే ఆ కూలి ఇంట్లో మిగులుతుంది.

ఇంటి చేతులంటే చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతులే. తెల్లవారుజామున లేచి పాలు పితికి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపే మనిషి మీద ఈ రెండు గంటలూ అదనంగా పడతాయి. కాబట్టి తోట పెట్టాలా వద్దా, ఎన్ని సెంట్లు పెట్టాలి అన్నది ఇంట్లో కూర్చుని అందరూ కలిసి తేల్చుకోండి. కోసే మనిషి మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. పిల్లల్ని కోతకు నమ్ముకుని మాత్రం తోట వేయకండి. కోత వేళ, బడి వేళ ఒకటే. కోసేవాళ్లు ఇద్దరుంటే పది సెంట్లు, ఒక్కరే అయితే ఐదు సెంట్లు మొదటి ఏడాదికి చాలు. చేయి తిరిగాక పెంచుకోవచ్చు.

ఏ రకం?

కనకాంబరం పరాయి మొక్క కాదు. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిళ్లు. మన దగ్గర ఎక్కువగా సాగయ్యేవి రెండు తరహాలు.

నాటు రకాలు గింజ నుంచి వస్తాయి. పువ్వు నారింజ రంగు. పసుపు పూల రకం కూడా ఉంది. గింజ రకాలకు ఖర్చు తక్కువ, మొక్కలు ఎక్కువ దొరుకుతాయి.

రెండోది ఢిల్లీ కనకాంబరం. పువ్వు పెద్దది, రంగు ముదురు, ఎకరాకు ఏడాదికి 1,100 కిలోల దాకా దిగుబడినిస్తుంది. అయితే దీనికి గింజ కట్టదు. మొక్కలోని జన్యు పదార్థం మామూలుగా ఉండే రెండు జతలకు బదులు మూడు జతలుగా ఉండటమే అందుకు కారణం. కాబట్టి కొమ్మ ముక్కలతోనే పెంచుకోవాలి. ఢిల్లీ రకం గింజలంటూ ఎవరైనా పొట్లం చూపిస్తే కొనకండి.

వీటితోపాటు బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక, అర్క శ్రీయ, అర్క శ్రావ్య వంటి రకాలను ఇచ్చింది. కొత్త రకం ఏదైనా ముందు ఓ యాభై మొక్కలు పెట్టి, మీరు పూలు అమ్మే బజారులో ఆ రంగుకు గిరాకీ ఉందో లేదో చూసుకుని పెంచండి. మాలలు కట్టేవాళ్లు అలవాటు పడిన రంగునే అడుగుతారు.

గింజ, నారు

కనకాంబరం గింజకు మొలకెత్తే శక్తి తొందరగా తగ్గిపోతుంది. పోయినేడాది గింజ నమ్ముకోవద్దు. సొంత తోటలో నాలుగైదు మంచి మొక్కలను గింజకు వదిలేసి, వాటి పూలు కోయకండి. కాయ ఎండాక దానికి నీటి చుక్క తగిలితే టప్పున పేలి గింజలు ఎగిరిపోతాయి. పిల్లలు నోట్లో తడిచేసి పేల్చి ఆడుకునే కాయలు ఇవే. అందుకే కంకులు గోధుమ రంగుకు తిరగ్గానే, వాన పడకముందే, మంచు ఆరిన తర్వాత కోసి నీడలో ఆరబెట్టి, మీద పల్చని గుడ్డ కప్పండి.

ఎకరాకు రెండు కిలోల గింజ కావాలి. పది సెంట్లకు 200 గ్రాములు. జూన్, జూలై నుంచి అక్టోబరు దాకా నారు పోసుకోవచ్చు. ఎత్తు మడులు చేసి, వరసల్లో పల్చగా చల్లి, ఇసుక కలిపిన మెత్తటి ఎరువు కప్పి, రోజ్‌డబ్బాతో తడపండి. సుమారు 60 రోజులకు నారు నాటుకు వస్తుంది.

ఢిల్లీ రకానికైతే వానాకాలంలో, ముదరని, మరీ లేతగాని కొమ్మ కొసలను జానెడుకు తక్కువగా, రెండు మూడు కణుపులు ఉండేలా కత్తిరించండి. కింది ఆకులు తీసేసి శుభ్రమైన ఇసుకలోనో, ఇసుక, ఎరువు నింపిన సంచుల్లోనో గుచ్చి నీడలో పెట్టండి. తడి ఆరకూడదు, నీరు నిలవకూడదు. కొత్త చిగురు వేసి, వేరు పట్టిందని తేలాకే పొలానికి మార్చండి.

నాటే తీరు

నీరు నిలవని ఎర్ర నేలలు, గరప నేలలు బాగుంటాయి. చౌడు, వర్షం పడితే రెండు రోజులు నీళ్లు దిగని నల్లరేగడి ఈ మొక్కకు సరిపడవు. కొద్దిపాటి నీడను తట్టుకుంటుంది కాబట్టి ఎడంగా ఉన్న కొబ్బరి తోటలోనూ వేసుకోవచ్చు.

దుక్కిలో పది సెంట్లకు ఒక టన్ను బాగా చివికిన పశువుల ఎరువు, 40 కిలోల వేపపిండి వేసి కలియదున్నండి. రెండడుగుల ఎడంతో బోదెలు తీసి, బోదెకు ఒక పక్కన మొక్కలు నాటండి. నాటు రకానికి మొక్కకూ మొక్కకూ రెండడుగులు, ఢిల్లీ రకానికి అడుగున్నర కంటే కొంచెం తక్కువ. అంటే పది సెంట్లకు నాటు రకం సుమారు 1,100 మొక్కలు, ఢిల్లీ రకం సుమారు 1,700 పడతాయి. చచ్చిన చోట మళ్లీ నాటడానికి వందకు పది మొక్కలు అదనంగా ఉంచుకోండి.

వారానికో తడి చాలు. ఎండాకాలంలో నేలను చూసి నాలుగైదు రోజులకు ఒకటి ఇవ్వండి. పైపాటు ఎరువులను ఒకేసారి కుమ్మరించకుండా, మట్టి పరీక్షలో వచ్చిన మోతాదును రెండు మూడు నెలలకోసారి కొద్దికొద్దిగా వేసి, తడి పెట్టండి. పూలన్నీ అయిపోయిన కంకులను చెట్టు మీద ఉంచొద్దు. తుంచేస్తే పక్క నుంచి కొత్త కంకులు వస్తాయి. ఈ చిన్న పని మానేసిన తోటకూ, చేసిన తోటకూ పూతలో తేడా మీకే తెలుస్తుంది.

అసలు శత్రువు మట్టిలో

కనకాంబరం తోటలో ఓ మూల నాలుగు మొక్కలు గిడసబారతాయి. ఆకు పసుపు తిరుగుతుంది, కంకి చిన్నదవుతుంది, మిట్టమధ్యాహ్నం మొక్క వాడిపోయి సాయంత్రానికి తేరుకుంటుంది. కొన్నాళ్లకు అసలు తేరుకోదు. నెల తిరిగేసరికి నాలుగు కాస్తా నలభై అవుతాయి. నీళ్లు చాలలేదేమోనని తడి పెంచుతాం, బలం చాలలేదేమోనని యూరియా వేస్తాం. ఏదీ పని చేయదు.

అలాంటి మొక్కను ఒకదాన్ని వేరు తెగకుండా తవ్వి, బకెట్ నీళ్లలో జాడించి చూడండి. వేళ్ల మీద బుడిపెలు ఉన్నా, సన్న వేళ్లు నల్లబడి కుళ్లి ఉన్నా అది నులిపురుగుల పని. ఇవి కంటికి కనిపించనంత సన్నవి. వేరులో దూరి రసం పీలుస్తాయి. అవి చేసిన గాయం గుండా ఎండుతెగులు శిలీంధ్రం లోపలికి పోతుంది. రెండూ కలిశాయంటే మొక్క దక్కదు. వేరుశనగ, కంది వేళ్ల మీది బుడిపెలు మేలు చేసేవి. చేత్తో గీరితే ఊడి వస్తాయి. కనకాంబరం వేరు మీది బుడిపె మాత్రం వేరే ఉబ్బి తయారైనది. గీరినా ఊడదు. అది మేలు చేసేది కాదు.

ఒక మాట. ఆకు పసుపుగా మారినంత మాత్రాన అన్నీ నులిపురుగులు కావు. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి వారం ఎడంతో రెండు మూడు సార్లు చల్లితే పచ్చబడుతుంది. వేరు చూడకుండా మందు కొనొద్దు అనేది అందుకే.

పాత మందు పేరు మరచిపోండి

పాత పుస్తకాల్లోనూ, పెద్దవాళ్ల నోటా నులిపురుగులకు ఫోరేట్ గుళికలు వేయమనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో ఫోరేట్ వాడకూడదు. ఎక్కడో మిగిలిపోయిన పొట్లం దొరికినా ముట్టుకోకండి. ఈ పూలను ఉత్తి చేతులతో కోస్తాం, ఒళ్లో పోసుకుని మాల కడతాం, తలలో పెట్టుకుంటాం. ఆ విషం ముందు సోకేది మీ ఇంటివాళ్లకే.

నులిపురుగులు ఒకసారి నేలలో స్థిరపడ్డాక పూర్తిగా పోగొట్టడం కష్టం. రాకుండా చూసుకోవడమే మందు. చేయాల్సినవి ఇవీ.

కనకాంబరం తీసేసిన చోట వెంటనే మళ్లీ కనకాంబరం వేయొద్దు. వేళ్లకు బుడిపెలున్న వంగ, టమాట, బెండ తోటల చోటా వద్దు.

నాటే ముందు ఒక పంట బంతి వేయండి. బంతి వేళ్ల నుంచి వచ్చే పదార్థాలు నులిపురుగులను తగ్గిస్తాయి. పూలు అమ్ముకున్నాక మొక్కలను అక్కడే దున్నేయవచ్చు. తోటలోనూ నడుమ నడుమ బంతి వరసలు పెట్టుకోవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో లోతుగా రెండుసార్లు దున్ని నేలను ఎండనివ్వండి. నారుమడి జాగాను తడిపి, పల్చని తెల్లటి పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే ఆ వేడికి చాలా పురుగు, కలుపు గింజ చస్తాయి.

నారు కొంటే, కొనే ముందు నాలుగు మొక్కల వేళ్లు కడిగి చూడండి. నులిపురుగు మీ పొలానికి నడిచిరాదు. నారు వేళ్లకు అంటిన మట్టితో వస్తుంది, పక్క తోట నుంచి పారే నీటితో వస్తుంది, పార మీద మట్టితో వస్తుంది.

ట్రైకోడెర్మా వాడుకోండి. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, నీడలో కుప్ప పోసి, తడి చల్లి గోనె పట్టా కప్పండి. వారం, పది రోజులకు బూజు అల్లుకుంటుంది. అప్పుడు మొక్కల మొదళ్ల దగ్గర వేసి తడి పెట్టండి. నులిపురుగుల మీద పని చేసే పెసిలోమైసిస్ అనే మేలు శిలీంధ్రం కూడా పొడి రూపంలో దొరుకుతుంది. దాన్నీ ఇలాగే వేపపిండితో కలిపి వేసుకోవచ్చు.

ఎండుతెగులు కనిపిస్తే చచ్చిన మొక్కను వేరుతో సహా పీకి కాల్చేయండి. చుట్టూ ఉన్న మొక్కల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయండి. ఇది పోసిన 15 రోజుల దాకా ట్రైకోడెర్మా వేయొద్దు. వేస్తే మేలు చేసే శిలీంధ్రమూ చస్తుంది.

పేనుబంక, తెల్లదోమ కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఏ మందయినా పూలు కోసిన సాయంత్రమే కొట్టాలి గానీ, తెల్లవారి కోత పెట్టుకుని కొట్టకూడదు.

కోత, మార్కెట్

కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. పూర్తిగా విచ్చిన పూలనే తెల్లవారగానే కోయాలి. మొగ్గ తగలకుండా పువ్వును మాత్రమే లాగాలి. కోసిన పూలను ఎండలో ఉంచొద్దు. వెదురు బుట్టలో అరటి ఆకు పరిచి, వదులుగా పోసి, తడి పిండేసిన గుడ్డ కప్పండి. బరువు కోసం నీళ్లు చల్లితే అడుగు పూలు కుళ్లి, బుట్ట మొత్తానికీ ధర కోస్తారు.

హైదరాబాద్ గుడిమల్కాపూర్, గోదావరి పక్క కడియపులంక పెద్ద పూల మార్కెట్లు. కానీ పది సెంట్ల రైతుకు వచ్చే అరకిలో పూలకు అంత దూరం గిట్టదు. మండల కేంద్రంలో మాలలు కట్టేవాళ్లు, గుడి దగ్గర అంగళ్లు, పెళ్లి పందిళ్లు వేసేవాళ్లు మీకు దగ్గరి బజారు. పక్కపక్కనే నాలుగు కుటుంబాలు తలా పది సెంట్లు పెట్టుకుంటే నలుగురి పూలూ ఒకే బుట్టలో వెళ్తాయి. రోజుకొకరు తీసుకెళ్తే ఛార్జీ కలిసొస్తుంది. ధర ముందే ఫోన్లో కనుక్కుని బయల్దేరండి.

ముహూర్తాలు ఉన్నన్నాళ్లు పువ్వు బంగారం. శ్రావణం, మాఘం వస్తే అడిగిన ధర ఇస్తారు. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ అడిగే దిక్కుండదు. అందుకే ఏడాది ఆదాయాన్ని పెళ్లిళ్ల ధరతో లెక్కేసి అప్పు చేయకండి. ఆషాఢం ధరతో లెక్కేయండి. ఆ ధరకు కూడా కోత గిట్టుబాటవుతుందంటే తోట నిలబడుతుంది. విడిపూలకు ధర లేని రోజుల్లో ఇంట్లోనే మాల కట్టి మూర లెక్కన అమ్మితే కొంత మిగులుతుంది. అయితే కట్టే సమయం కూడా కూలే అని మరిచిపోవద్దు.

నాటే ముందు ఇవి చూసుకోండి

ఎవరి తోటలోనైనా ఒక తెల్లవారుజామున మీ ఇంటి మనిషి ఒక గంట పూలు కోసి, వాటిని తూచి చూడండి. ఆ తూకమే మీరు ఎన్ని సెంట్లు వేయాలో చెబుతుంది. వేయబోయే నేలలో ఇప్పుడున్న పంట వేళ్లు కడిగి చూడండి. దగ్గరి బజారులో రోజుకు ఎన్ని కిలోలు అమ్ముడవుతాయో, ఏ రంగు అడుగుతున్నారో కనుక్కోండి. మూడేళ్ల తర్వాత తోట మార్చడానికి వేరే జాగా ఉందో లేదో ఆలోచించండి. మట్టి పరీక్షకూ, నులిపురుగుల పరీక్షకూ మీ ప్రాంత ఉద్యాన అధికారినో, కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడగండి.

ఈ నాలుగూ కుదిరితే ఐదు సెంట్లతోనే మొదలుపెట్టండి. ఐదు సెంట్ల తోటలో ప్రతి పువ్వూ బజారు చేరడం మేలు. ఎకరం వేసి, కోసే చేయి లేక సగం పూలు చెట్టు మీదే రాలిపోతే ఎవరికి లాభం?